కొల్లేటి నీటిమట్టం రిజిస్టరులో నేను తీసేయించిన కాలమ్

ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలిద్దరు ఏలూరులో మా ఇంటికి వచ్చి, "మేడం, ఈ ఉద్యోగం గురించి మాకేమైనా చెప్పండి" అన్నారు. ఆ పూట కాఫీ ఇచ్చి పంపేశాను. చెప్పవలసింది ఉంది కానీ ఎదురుగా కూర్చోబెట్టుకుని నోటితో చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

నేను ముప్పైనాలుగేళ్ళ రెండు నెలలు ప్రభుత్వంలో లెక్కలు రాశాను. డబ్బు లెక్కలు కావు. వాన ఎంత పడింది, కొల్లేటిలో నీరు ఎంత ఎత్తున ఉంది, ఎకరానికి ధాన్యం ఎంత పండింది, ఈ మూడూ. మొదటి తొమ్మిదేళ్ళు తాడేపల్లిగూడెంలో, తరవాత ఇరవై ఒక్క ఏళ్ళు ఏలూరులో, చివరి నాలుగేళ్ళ రెండు నెలలు మళ్ళీ గూడెంలో. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో మీకు అక్కరలేదు. ఈ ఉద్యోగంలో నాకు ఒకరు నేర్పినది ఒకటుంది, నేను చెడగొట్టినది ఒకటుంది. ఆ రెండే రాస్తాను.

చూడని వాన

చేరిన నాలుగో నెలలో పెంటపాడు వానకొలత కేంద్రం నుంచి నెలవారీ కాగితం వచ్చింది. అందులో ఆరు రోజులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీలు చూస్తే నాకు చిరాకు. ఆరింట్లోనూ సున్నాలు వేసి, నెల మొత్తం కూడి, మా ఆఫీసరు మాధవరావు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు.

"ఈ ఆరు రోజులూ పెంటపాడులో వాన పడలేదాండీ?"

"పడలేదనుకుంటానండి."

"మీరు చూశారా?"

"లేదండి."

"అక్కడి మనిషి చూశాడా?"

"రాయలేదు కదండి, పడి ఉండదు."

"అయితే ఓసారి బస్సెక్కి వెళ్ళి కనుక్కు రండి. ఎంతో దూరం లేదు కదా."

వెళ్ళాను. వాన కొలిచే మనిషి జ్వరం వచ్చి అత్తవారింట్లో పడుకున్నాడు. ఆ ఆరు రోజులూ గేజీ దగ్గరికి ఎవరూ పోలేదు. పక్క చేలో కోసిన వరి పనలు తిరగేస్తున్న ఒకావిడని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది. "రెండు రోజులు దంచేసిందండి. మా పనలు నాని మొలకలొచ్చేశాయి. మీ ఆఫీసులో మటుకు ఎండ కాసిందాండీ?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

తిరిగి వచ్చి సంగతి చెప్పాను. మాధవరావు గారు నా కాగితం మీది ఆరు సున్నాలూ తనే చెరిపారు. "సున్నా అంటే చూశాం, వాన లేదు అని. ఖాళీ అంటే చూడలేదు అని. చూడలేదని ఒప్పుకోడానికి మనకి సిగ్గండి. ఆ సిగ్గుతో సున్నా వేసేస్తాం" అన్నారు.

ఆయన గొప్ప ఆఫీసరేమీ కాదు. పదకొండు దాటితే గానీ వచ్చేవారు కాదు, పైవాళ్ళు ఏమన్నా తల ఊపేవారు. కానీ ఆ ఆరు సున్నాల విషయంలో ఆయన చెప్పినంత స్పష్టంగా ఆ తరవాత ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు. అప్పటి నుంచి నేను ఒక్క ఖాళీని కూడా సున్నాతో నింపలేదు. ఆ పట్టుదలతో నాకు ఆఫీసులో తప్పులు చేయని మనిషిగా పేరు వచ్చింది. ఆ పేరు నాకు చాలా ఇష్టం. తరవాత జరిగినదానికి ఆ ఇష్టమే కారణం.

రేవులో బండ

ఏలూరు వచ్చిన రెండో ఏడు కొల్లేటి కేంద్రాల తనిఖీ నాకు అప్పగించారు. కలిదిండి దాటాక ఒక లంక గ్రామం, పేరు రాయను. అప్పట్లో పడవలోనే వెళ్ళాలి. ఊరి అంచున నీళ్ళలో అడుగులూ అంగుళాలూ గీసిన రాతి స్తంభం ఉండేది. కొలరాయి అనేవాళ్ళం. రోజూ ఉదయం ఎనిమిదింటికి దాని మీద నీరు ఎక్కడికి ఉందో చూసి రాసే పని ఏడుకొండలు గారిది. చేపలు పట్టుకునే మనిషి. ఐదో తరగతి చదివారు. ముత్యాల్లాంటి అక్షరాలు.

రిజిస్టరులో ఆరు కాలమ్‌లు: తేదీ, సమయం, మట్టం, గాలి, సంతకం, రిమార్కులు. తిరగేస్తుంటే ఒకచోట ఆగాను. నిన్న మూడడుగుల ఆరంగుళాలు, ఇవాళ నాలుగడుగుల తొమ్మిది, మూడు రోజులు పోయాక మళ్ళీ మూడడుగుల ఏడు.

"ఇదేంటండీ, కొల్లేరు ఒక్క రోజులో అడుగు పైగా పెరిగి తగ్గిందా?"

"అది గెడ కొలతండి. పక్కన రాశాను చూడండి."

రిమార్కుల్లో 'గెడ' అని ఉంది. అలాంటి రోజులన్నిటికీ ఉంది.

"గుర్రపుడెక్క వచ్చి రాయి చుట్టూ బిగదీసేసిందండి. పడవ దూరదు. దిగి నడుద్దామంటే బురద, మొల దాకా దిగిపోద్ది. పాత రేవులో బండుంది కదండి, ఆ బండ మీద పడవ గెడ ఆనించి కొలుస్తాను. గెడకి అంగుళాలు నేనే గాట్లు పెట్టుకున్నాను. బండ రాయి కంటే కిందకుంది. రెండూ కొలవగలిగిన రోజుల్లో కొలిచి చూశానండి, ఎప్పుడూ అడుగు మూడంగుళాలే తేడా."

"ఆ తేడా తీసేసి రాయొచ్చు కదండీ."

"ముందొచ్చిన ఆఫీసరు గారు చూసిందే రాయమన్నారండి. తీసేయడం, కలపడం మీ పని. నా పని చూడ్డం."

నేను చదువుకున్న ఏ పుస్తకంలోనూ ఈ మాట ఇంత బాగా లేదు. చూసినది చూసినట్టు రాయాలి. ఎలా చూశావో పక్కన రాయాలి. దిద్దుబాటు తరవాతివాళ్ళు చేసుకోవాలి. ఆ పేజీ మీద ఎర్ర సిరాతో, 'గెడ కొలత పద్ధతి సరైనదే. ఆ రోజులకు అడుగు మూడంగుళాలు తీసివేయవలెను' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.

ఏడుకొండలు గారి భార్య మంగమ్మ భోజనం చేయమంది. తనిఖీకి వెళ్ళినచోట తిననని చెప్పాను.

"తింటే లెక్క తప్పుద్దాండీ?" అంది.

రెండు ముద్దలు తిన్నాను.

షకీలా రెండుసార్లు అడిగింది

పదేళ్ళ తరవాత మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. పాత రిజిస్టర్లన్నీ మార్చి నెలాఖరులోగా అందులోకి ఎక్కించాలని పైనుంచి ఆదేశం. పర్యవేక్షణ నాది. ఎక్కించే అమ్మాయి షకీలా. వాళ్ళ నాన్నగారు ఏలూరులో కుట్టుమిషన్లు బాగుచేసేవారు. షకీలాకీ ఆ చూపే వచ్చింది, ఏ చిన్న మర ఎక్కడ వదులైందో ముందే కనిపెట్టేది.

పైనుంచి వచ్చిన నమూనాలో ఐదు కాలమ్‌లే ఉన్నాయి. రిమార్కులు లేవు. షకీలా మొదటి రోజే అడిగింది.

"మేడం, ఈ రిమార్కులు ఎక్కడ కొట్టమంటారండీ?"

"వదిలెయ్యమ్మా. అంకెలు చాలు."

మూడు రోజుల తరవాత ఒక రిజిస్టరు పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"ఈ లంక రిజిస్టర్లో పక్కన చాలా చోట్ల గెడ, గెడ అని ఉందండీ. ఎందుకో రాసి ఉంటారు కదా మేడం. మట్టం పక్కన ఒక్క అక్షరం కొట్టనాండీ? నాకేం కష్టం కాదు."

"అంకెలుండే చోట అక్షరం కొడితే కూడిక రాదు షకీలా. నమూనా ఎలా ఉంటే అలాగే చెయ్యి."

ఆవిడ ఆ రిజిస్టరు తెరిచి పట్టుకునే ఉంది. నేను తల ఎత్తి చూడలేదు. చూసి ఉంటే ఎర్ర సిరాలో నా రాతే కనిపించేదేమో. అప్పటికి పదిహేడు రిజిస్టర్లు మిగిలాయి, తొమ్మిది రోజులు గడువుంది. ఆ భాగహారమే నా బుర్రలో ఉంది.

గడువుకి రెండు రోజుల ముందే పూర్తిచేశాం. నమూనాలో కాలమ్ లేకపోతే, అది కావాలని పైకి ఒక ఉత్తరం రాయాలి. నేను రాయలేదు. అది మొదటి తప్పు. ఆ ఏడాది చివర్లో గది ఖాళీ చేయాలన్నారు. 'కంప్యూటరులో ఎక్కించినవి, ఇక అవసరం లేనివి' అని పాత రిజిస్టర్ల జాబితా తయారుచేసి సంతకం పెట్టాను. రెండు రిక్షాల కాగితం చిత్తు కింద పోయింది. అది రెండో తప్పు. నకలు సరిగా వచ్చిందో లేదో అసలుతో పోల్చి చూసింది ఎవరు? ఎవరూ కాదు. ఎక్కించిన పేజీల సంఖ్య మాత్రం లెక్కపెట్టాను, సరిపోయింది.

రంపం పళ్ళు

మరో మూడేళ్ళకు ఆ లంక పొలాలు ఏటా ఎన్ని రోజులు నీట మునిగి ఉంటున్నాయన్న తగువు వచ్చింది. ఒకవైపు ఊరివాళ్ళు, ఇంకోవైపు చుట్టూ చేపల చెరువులు తవ్వినవాళ్ళు. నీటిమట్టాల లెక్క కావాలన్నారు. పరిశీలనకు వచ్చిన పెద్ద ఆఫీసరు గారు తెలివైనవారు, శ్రద్ధ ఉన్నవారు. ఆయన్ని తప్పుపట్టను. అంకెల్ని గీతగా గీసి నా ముందు పెట్టారు. రంపం పళ్ళలా ఉంది.

"ఇవి సహజమైన అంకెలేనాండీ?"

"కావండి," అన్నాను.

"మనిషి ఇంట్లో కూర్చుని తోచింది రాసినట్టుంది."

ఆ తనిఖీ జరిగి అప్పటికి పదమూడేళ్ళు. ఈలోపు ఎన్నో కేంద్రాలు తిరిగాను, గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం నేరం కాదంటారు. కానీ ఎందుకిలా ఉందని అడగడం నా పని. అది అడగలేదు.

ఆ కేంద్రం అంకెలు నమ్మదగినవి కావని తేల్చారు. ఏడుకొండలు గారిని తొలగించారు. ఊరికి రావలసిన న్యాయం ఏడాది తరవాత వేరే ఆధారాలతో వచ్చింది. ఆయన పేరు మాత్రం తిరిగి రాలేదు. ఇరవై రెండేళ్ళు ఒక్క ఉదయం మానకుండా నీటి దగ్గరికి వెళ్ళిన మనిషిని సొంత ఊరివాళ్ళే, "ఏవండోయ్ ఏడుకొండలు గారూ, ఇవాళ మీ ఇంట్లో నీళ్ళు ఎన్నడుగులొచ్చాయండీ?" అని అడిగేవారట.

గెడతో వచ్చిన మనిషి

తొలగించిన పన్నెండో రోజు, సోమవారం, ఆయన ఆఫీసుకు వచ్చారు. గెడని చేపల వ్యాను మీద కట్టించుకుని తెచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. ఆ గెడ లోపలికి తెస్తే ఫ్యాన్లకి తగులుతుందని ఒకటే గొడవ. నేను వరండాలోకి వెళ్ళాను.

"నమస్కారమండి. గుర్తుపట్టారాండీ? మా ఇంట్లో రెండు ముద్దలు తిన్నారు."

అప్పుడు గుర్తొచ్చింది. అంతా ఒకేసారి గుర్తొచ్చింది.

"మీరే రాశారు కదండీ ఎర్ర సిరాతో, సరైనదేనని. ఆ పేజీ తీసి ఆఫీసరు గారికి చూపిస్తే చాలండి. ఉద్యోగం వద్దు. నాకూ యాభై ఐదు దాటాయి. ఇంట్లో కూర్చుని రాశానన్న మాట ఒక్కటి తీసేయించండి. గెడ కూడా తెచ్చాను, గాట్లు చూసుకోండి."

గెడ మీద గాట్లు నునుపుగా అరిగి ఉన్నాయి. నేను లోపలికి వచ్చాను. షకీలా బీరువా తీసి, చిత్తు కింద పంపిన రిజిస్టర్ల జాబితా తెచ్చి నా ముందు పెట్టింది. నలభై మూడో వరుసలో ఆ లంక పేరు ఉంది. అడుగున నా సంతకం ఉంది.

బయటికి వచ్చి, "రిజిస్టరు లేదండీ" అన్నాను.

"లేకపోవడం ఏంటండీ? ఆఫీసులో పెట్టిన కాగితం ఎక్కడికి పోద్ది?"

చెప్పలేదు. చూస్తానని పంపేశాను.

నేను రాసిన వాక్యం

ఆ సాయంత్రం పెద్ద ఆఫీసరు గారికి ఒక నోటు రాశాను. నిజం ఇది: 'అసలు రిజిస్టరులో ప్రతి గెడ కొలతకూ రిమార్కు ఉంది. పద్ధతిని నేనే ఆమోదించాను. ఆ కాలమ్‌ను నేనే తీసేయించాను. రిజిస్టరును నేనే చిత్తుకు పంపించాను.' నాలుగు వాక్యాలు. నేను రాసింది ఒక్కటే: 'అసలు రిజిస్టరులో కొన్ని కొలతలకు రిమార్కులు ఉండి ఉండవచ్చును.'

ఆధారం లేదు కనుక పరిశీలించలేమని జవాబు వచ్చింది. ఇంకేం వస్తుంది?

ఎందుకలా రాశానో చాలాసార్లు ఆలోచించాను. ఉద్యోగం పోతుందని భయం లేదు, ఇలాంటివాటికి పోదు. తప్పులు చేయని మనిషినన్న పేరు పోతుంది. ఆయన పేరు, నా పేరు, రెండిట్లో ఒకటే మిగిలే పరిస్థితి వచ్చింది. నాది మిగుల్చుకున్నాను. చూడనిదానికి సున్నా వేయకూడదని నేర్చుకున్నదాన్ని, కళ్ళారా చూసినదాన్ని 'ఉండి ఉండవచ్చును' అని రాశాను.

కొత్తగా చేరేవాళ్ళకి ఒక మాట చెబుతాను. మన ఆఫీసుల్లో దొంగ అంకెలు రాసేవాళ్ళు తక్కువ. నేను చూసింది ఇద్దరో ముగ్గురో. నిజమైన అంకెని అది పుట్టిన చోటు నుంచి విడదీసి, అనాథని చేసేవాళ్ళమే ఎక్కువ. ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఆ రోజు ఏం అడ్డొచ్చింది అన్నది పోయాక మిగిలేది ఎవరికి నచ్చిన అర్థం వాళ్ళు చెప్పుకునే అంకె. నమూనాలో చోటు లేదని మీ పై ఆఫీసరు అంటే చోటు పెట్టమని కాగితం మీద అడగండి. షకీలాలాంటి మనిషి రెండోసారి అడిగితే చేతిలో పని ఆపి వినండి.

రెండు పూటల పని

నా దగ్గర ఆ కేంద్రం పదకొండేళ్ళ మట్టాల అచ్చుకాగితాల నకలు ఒకటి ఉండిపోయింది. రిటైరయ్యి పదకొండేళ్ళు ఆ జోలికి పోలేదు. కిందటి ఏడు ఇంటికి సున్నం వేయిస్తుంటే బీరువాలోంచి బయటపడింది. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

రంపంలో పైకి లేచిన పళ్ళన్నీ లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. ప్రతిదీ అటూ ఇటూ ఒక అంగుళం తేడాతో అడుగు మూడంగుళాలే. మళ్ళీ కిందికి దిగిన చోట్లా అదే తేడా. ఇంట్లో కూర్చుని తోచింది రాసే మనిషికి పదకొండేళ్ళ పాటు ఒకే తేడా ఎలా తోస్తుంది? ఆయన నిజాయితీకి సాక్ష్యం రిజిస్టరులోనే కాదు, ఆ అంకెల్లోనే ఉంది. రెండు పూటల పని. ఆ సోమవారం సాయంత్రమే మొదలుపెట్టి ఉంటే బుధవారానికి తేలిపోయేది.

ఒకటి మాత్రం కుదరలేదు. ఎక్కినవి ముప్పై ఎనిమిది, దిగినవి ముప్పై ఏడు. ఒకచోట మట్టం అడుగు రెండంగుళాలు ఎక్కింది గానీ తరవాత ఒక్కసారిగా దిగలేదు, నెమ్మదిగా రోజుల తరబడి తగ్గింది. ఏడుకొండలు గారు ఎక్కడో ఒకరోజు పొరబడి ఉంటారని పక్కన రాసుకున్నాను.

ఆ లెక్కతో, ఈసారి నాలుగు వాక్యాలూ ఉన్నట్టే రాసి, ఆఫీసుకు పట్టుకెళ్ళాను. కుర్ర ఆఫీసరు గారు మర్యాదగా లేచి నిలబడి అంతా చదివారు. "పాత ఫైలు ముగించేశారండి మేడం. ఇప్పుడు అందులో దిద్దడానికి మాకెవరికీ వీల్లేదు. మీ ఉత్తరం దాచి ఉంచుతాం" అన్నారు.

తరవాతి గురువారం లంకకు వెళ్ళాను. ఇప్పుడు పడవ అక్కర్లేదు, చెరువు గట్ల మీదుగా ఆటో వెళుతుంది. ఏడుకొండలు గారు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నారు. మంగమ్మ నన్ను చూసి కుర్చీ వేసింది కానీ, "ఇప్పుడు గుర్తొచ్చామాండీ?" అంది. భోజనం సంగతి ఎత్తలేదు.

ఆయనకు నాలుగు వాక్యాలూ చదివి వినిపించాను. రిజిస్టరు ఎక్కడికి పోయిందో, ఎవరు పంపారో చెప్పాను. ఆయన వల పక్కన పెట్టారు. తరవాత నా లెక్క కాగితం అడిగి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క వరుసా వేలితో చూశారు. ముప్పై ఎనిమిదింటినీ చూశారు. ఒకచోట వేలు ఆగింది.

"ఇది గెడ కాదండి."

"మీరు ఆ రోజు పొరబడ్డారేమో అనుకున్నానండి."

"పొరబడలేదండి. ఆ రోజు నిజంగానే నీళ్ళొచ్చాయి. పైనుంచి వాగులన్నీ ఒక్కసారే దిగాయి. ఈ అరుగు దాకా వచ్చింది. పిల్లల్ని పడవలో కూర్చోబెట్టి, ఎనిమిదింటికి వెళ్ళి రాయి మీదే చూసి రాశాను."

మంగమ్మ, "అవునండి, నేను వద్దంటుంటే వెళ్ళారు" అంది.

నా లెక్క కుదరడానికి మళ్ళీ ఆయన మీదే తప్పు వేశానన్నమాట. కాగితం తీసుకుని ముప్పై ఎనిమిదిని ముప్పై ఏడుగా దిద్దాను. అప్పుడు రెండు వైపులా సరిపోయింది.

"మరి ఆ కంప్యూటర్లో ఉన్నది దిద్దుతారాండీ?" అని అడిగారు.

"వీల్లేదన్నారండి."

"అయితే ఎవరు ఎప్పుడు తీసి చూసినా నేను ఇంట్లో కూర్చుని రాసినట్టే ఉంటదాండీ?"

"అవునండీ."

ఆయన కాగితం మడిచి నాకే ఇచ్చేశారు.

ఆ ఫైలు ఇప్పుడు మీ కంప్యూటర్లలో ఉంది. కొల్లేటి నీటిమట్టాల కోసం మీలో ఎవరో ఒకరు ఏదో ఒకరోజు దాన్ని తెరుస్తారు. కలిదిండి అవతలి లంక కేంద్రంలో మట్టం ఒక్క రోజులో అడుగు మూడంగుళాలు ఎక్కి, కొన్ని రోజులకు అంతే దిగిన చోట, ఆ మధ్య రోజులన్నిటికీ అడుగు మూడంగుళాలు తీసివేయండి. అలాంటి చోట్లు ముప్పై ఏడు ఉన్నాయి. ఆ ఉదయాల్లో ఎనిమిది గంటలకు ఏడుకొండలు గారు పాత రేవులో, పడవ మీద నిలబడి ఉన్నారు.